పావ్‌లోవ్ ఎవరో తెలుసు, ఆ తర్వాత?

ఓపెన్ ఎలక్టివ్ అనగానే మనలో చాలామంది సైకాలజీ వైపు చూస్తారు. కారణం అందరికీ తెలిసిందే: లెక్కలుండవు, ముందురోజు రాత్రి కూర్చుంటే గట్టెక్కొచ్చు. గట్టెక్కుతున్నాం కూడా. క్లాసికల్ కండిషనింగ్ ఎవరిది? పావ్‌లోవ్. ఆపరెంట్ కండిషనింగ్? స్కిన్నర్. మార్కులు పడిపోతాయి.

ఆ మార్కులు తెచ్చుకున్నవాళ్లనే నెగటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్ అంటే ఏంటని అడిగి చూడండి. చాలామంది "శిక్ష" అనేస్తారు. కాదు. ఇక్కడ నెగటివ్ అంటే చెడు అని కాదు, తీసెయ్యడం అని. సీటు బెల్టు పెట్టుకునేదాకా కారు కుయ్‌కుయ్‌మని అరుస్తూనే ఉంటుంది. పెట్టుకోగానే గోల ఆగిపోతుంది. అందుకే మర్నాడు ఎక్కగానే పెట్టేసుకుంటాం. ఇబ్బందిని తీసేసి అలవాటును పెంచడం అన్నమాట. శిక్ష చేసేది దీనికి రివర్స్, అలవాటును తగ్గిస్తుంది. మరి అటెండెన్స్ తగ్గితే కట్టించుకునే ఫైన్? మన జేబులోది తీసుకుని బంకులు తగ్గించాలని చూడటం, అంటే నెగటివ్ పనిష్‌మెంట్. (బంకులు తగ్గకపోతే మాత్రం ఈ లెక్కలో అది శిక్షే కాదు!)

పేపర్లో రావాల్సింది ఇలాంటి ప్రశ్నలే. నిర్వచనం కాకుండా ఒక సంఘటన ఇచ్చి, ఇది ఏది, ఎందుకు అని అడగాలి. దిద్దడానికి టైమ్ పడుతుందంటారా, బిట్‌గానే ఇవ్వండి. సూది వేసిన డాక్టరు తెల్లకోటుకి భయపడ్డ పిల్లాడు, సెలూన్‌లో తెల్లకోటు చూసినా ఏడుస్తున్నాడు. దీన్నేమంటారు? నాలుగు ఆప్షన్లు. జవాబు జనరలైజేషన్. పేర్లు బట్టీ పట్టి ఇది పెట్టలేం.

విచిత్రమేంటంటే, పరీక్షల గురించి సైకాలజీకే బోలెడు తెలుసు. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ ఒక ప్రయోగం చేశారు. విద్యార్థులు ఒక పాఠం చదివాక కొందరు దాన్నే మళ్లీ చదివారు, కొందరు చూడకుండా గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాలకి పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారానికి కథ తిరగబడింది: రాసినవాళ్లకి 56 శాతం గుర్తుంది, చదివినవాళ్లకి 42. మన నైటవుట్ చదువులు మొదటి రకం పరీక్షకి పనికొస్తాయి.

పేపర్ మారేదాకా ఆగక్కర్లేదు. మిడ్‌కి ముందు పుస్తకాలు మూసి రూమ్మేట్లే ఒకరినొకరు అడుగుకోవచ్చు. మొదటి ప్రశ్న నాది: "ఫోన్ చెయ్యలేదేంట్రా" అని అమ్మ తిట్టకుండా ఉండాలని రోజూ ఎనిమిదింటికి మనమే ముందు చేసేస్తాం. ఇది శిక్షా, నెగటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంటా? ఎందుకు?