వరస మారినా నెంబరు మారదు

రేషన్ షాపు క్యూలో ముందు నిలబడ్డవాడికి 'ఏ' అనీ, వెనకవాడికి 'బీ' అనీ పేర్లు పెడితే? మర్నాడు వరస మారగానే పేర్లూ మారిపోతాయి. లినక్స్ కంప్యూటర్లో హార్డ్‌డిస్కుల సంగతి ఇంచుమించు అంతే. ముందు కంటబడింది ఎస్‌డీఏ, తర్వాతది ఎస్‌డీబీ. మరో డిస్కు తగిలించి ఆన్ చేస్తే ఇవాళ్టి ఎస్‌డీబీ రేపు ఎస్‌డీసీ కావచ్చు.

అయితే కొంపేం మునిగిందంటారా? ఇంట్లో రెండు ఎక్స్‌టర్నల్ డిస్కులున్నాయనుకోండి. ఒకదాంట్లో అమ్మాయి పెళ్ళి ఫొటోలు, రెండోదాంట్లో రోజువారీ బ్యాకప్. పాతవి చెరిపి కొత్తవి నింపమని ఎస్‌డీబీ పేరుమీద ఆదేశం రాసిపెట్టుకుంటే, వరస తప్పిన రోజున పెళ్ళి ఫొటోలు గోవిందా!

దీనికి విరుగుడు యూయూఐడీ. డిస్కును ఫార్మాట్ చేసినప్పుడు పడే గుర్తింపు నెంబరు. లినక్స్ వాడే ఈఎక్స్‌టీ4 పద్ధతిలో అయితే అంకెలూ అక్షరాలూ కలిపి 32, మధ్యలో 4 అడ్డగీతలు. విండోస్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో 16, పెన్‌డ్రైవుల్లో కనిపించే ఫ్యాట్32లో 8. ఏ పోర్టుకు గుచ్చినా, ఏ కంప్యూటర్‌కు తగిలించినా అదే నెంబరు. మళ్ళీ ఫార్మాట్ చేస్తే మారుతుంది.

టెర్మినల్ తెరిచి 'సుడో' అని కొట్టి, ఖాళీ వదిలి, బి, ఎల్, కె, ఐ, డి అక్షరాలను కలిపి చిన్నబడిలో టైపు చేయండి. డిస్కుల పక్కనే నెంబర్లు కనిపిస్తాయి. కావాల్సినదాన్ని కాపీ చేసుకోండి. చూసి టైపు చేయాలనుకోవద్దు, 8కీ బీకీ తేడా కళ్ళకు ఆనదు. ఫొటోల కోసం ఒక ఖాళీ ఫోల్డరు సృష్టించాక 'సుడో మౌంట్' అని కొట్టి, ఖాళీ వదిలి, పెద్దబడిలో యూయూఐడీ, ఈక్వల్ గుర్తు, ఆ నెంబరు, మళ్ళీ ఖాళీ, ఫోల్డరు దారి. అంతే, మీ డిస్కు అక్కడ తెరుచుకుంటుంది.

ఆన్ చేసినప్పుడల్లా ఇంత తతంగమెందుకంటే, ఈటీసీ డైరెక్టరీలోని ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్లో ఇదే నెంబరుతో ఒక వరస రాసుకోవచ్చు. ఆ వరసలో 'నోఫెయిల్' అనే మాట తప్పకుండా చేర్చండి. లేకపోతే డిస్కు తగిలించని రోజున కంప్యూటర్ దానికోసం ఎదురుచూసీ చూసీ మొరాయిస్తుంది. రాశాక రీస్టార్ట్ చేసేముందే 'సుడో మౌంట్ -ఏ' కొట్టి చూస్తే కొన్ని తప్పులు అక్కడే బయటపడతాయి. ఇక్కడ 'ఏ' చిన్నబడిలో ఉండాలి.

ఒక్క చోట మాత్రం ఈ నెంబరూ బోల్తా కొట్టిస్తుంది. డిస్కును ఉన్నదున్నట్టు క్లోన్ చేస్తే నెంబరూ కాపీ అవుతుంది. కవలలిద్దరికీ ఒకే పేరు పెట్టినట్టన్నమాట! రెంటినీ ఒకేసారి తగిలించకుండా, ఈఎక్స్‌టీ4 అయితే 'ట్యూన్2ఎఫ్‌ఎస్' ఆదేశంతో ముందు నకలుకు కొత్త నెంబరు ఇవ్వాలి.