రెండవసారి లిస్బన్

చూసి రావడానికని వెళ్ళిన ఒక ఊరికి మీరు మళ్ళీ ఎప్పుడైనా వెళ్ళారా? బంధువుల ఊరి సంగతి కాదు. మొదటిసారి ఎవరైనా కోటలు, చర్చీలు, మ్యూజియంలే చూస్తారు. రెండవసారి చూడవలసినవి మాత్రం పేటలూ, అక్కడి వంటలూ అని నా అభిప్రాయం. ఇందుకు ఉదాహరణగా నాకు ఇష్టమైన లిస్బన్ నగరాన్ని తీసుకుంటాను. పోర్చుగల్ రాజధాని అయిన ఆ నగరానికి నేను 1998లో ఒకసారి, 2023లో ఒకసారి వెళ్ళాను.

లిస్బన్ మీకు కొత్త కావచ్చు గాని, అక్కడి మాటలు మీ ఇంట్లోనే ఉన్నాయి. అలమార, బొత్తాము, తువాలు, అనాస పోర్చుగీసు భాష నుండి మనకు వచ్చినవే. మన పెద్దలు ఆ జాతివారిని బుడతకీచులు అనేవారు. వాస్కో డ గామా 1497లో ఓడ ఎక్కింది లిస్బన్‌లోనే. అమెరికా ఖండంలో పుట్టిన మిరపకాయను మన దేశానికి చేర్చింది కూడా పోర్చుగీసు వర్తకులే. మన ఆవకాయ ఎరుపు వెనుక ఆ ఓడలున్నాయన్నమాట.

1998లో నేను అందరిలాగే జెరోనిముష్ మఠం, అందులోని గామా సమాధి, నది ఒడ్డున బెలెం బురుజు చూశాను. మఠం పక్కనే 1837 నుండి అమ్ముతున్న గుడ్డు పచ్చసొన మిఠాయి, దాల్చినచెక్క పొడి చల్లుకొని తిన్నాను. అయితే నాకు గుర్తుండిపోయింది ఇవేవీ కాదు, దారి తప్పి తిన్న ఒక మధ్యాహ్న భోజనం.

దారి తప్పింది అల్ఫామా అనే పేటలో. 1755 నవంబరు 1న వచ్చిన భూకంపంలో నగరం చాలావరకు నేలకూలింది. దిగువ పేటను గీతలు గీసినట్లు నిటారు వీధులతో మళ్ళీ కట్టారు. కొండవాలున ఉన్న అల్ఫామా చాలావరకు నిలిచిపోయింది. అందుకే అక్కడి సందులు ఇప్పటికీ మెలికలు తిరిగే ఉంటాయి. అలాంటి సందులో ఒక తాస్కా కనిపించింది. తాస్కా అంటే మన పూటకూళ్ళ ఇల్లు వంటిది. ఆనాటి వంటకం పేరు కాగితం మీద రాసి తలుపుకు అంటించారు. అది బకల్యావ్, అంటే ఉప్పుచేప. విచిత్రమేమంటే పోర్చుగీసువారు ప్రాణంగా చూసుకొనే ఈ చేప వారి సముద్రంలో దొరకదు. నార్వే వంటి చలి సముద్రాల నుండి రావాలి. వండే ముందు నీళ్ళు మారుస్తూ ఒకటి రెండు రోజులు నానబెడతారు. ఆ రోజు దాన్ని చీల్చి, సన్నగా తరిగి వేయించిన బంగాళాదుంపలు, ఉల్లిపాయ, గుడ్డు కలిపి పెట్టారు. నా చుట్టూ ఉన్నవారంతా ఆ వీధివాళ్ళే. (రొట్టె, ఆలివ్ కాయలు అడగకుండానే బల్లమీద పెడతారు. తింటే డబ్బు తీసుకుంటారు, వద్దంటే తీసుకుపోతారు. నాకు బిల్లు వచ్చాక తెలిసింది!)

2023లో ఆ సందునే వెతుక్కుంటూ వెళ్ళాను. తాస్కా లేదు. ఆ తలుపు పక్కన అంకెలు నొక్కితే తెరుచుకొనే చిన్న పెట్టె ఉంది. యాత్రికుల కోసం తాళంచెవి అందులో ఉంచుతారు. సందు పొడవునా అలాంటి పెట్టెలే.

ఇలా ఎందుకు జరిగింది? అక్కడ దశాబ్దాల తరబడి అద్దెలను చట్టం కట్టిపెట్టి ఉంచింది. యజమానులు మరమ్మతులు మానుకున్నారు. 2012లో చట్టం మారి పాత అద్దెదారులకు రక్షణ తగ్గింది. 2014లో యాత్రికుల బసలకు ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. నెల అద్దె కంటే రోజు అద్దె లాభం కదా! అల్ఫామా ఉన్న పరిపాలనా విభాగంలో 2011లో సుమారు 13 వేలమంది ఉండగా, 2021 నాటికి సుమారు 10 వేలమంది మిగిలారు. 2018లో నగరపాలక సంస్థ అల్ఫామా వంటి పేటల్లో కొత్త బసలకు అనుమతులు నిలిపింది. 2023 ఏప్రిల్‌లో ఇళ్ళ కోసం జనం వీధుల్లో ఊరేగారు.

యాత్రికుల డబ్బు వల్లనే కూలబోయే ఇళ్ళు బాగుపడ్డాయని కొందరంటారు. అది అబద్ధం కాదు. 1998లో పెచ్చులూడిన గోడలు నేనూ చూశాను. అయినా గోడకు సున్నం వేసి మనిషిని పంపించివేస్తే దాన్ని పేట అనగలమా? జూన్‌లో సెయింట్ ఆంటోనీ పండుగ రాత్రి ఈ సందుల్లో సార్డీన్ చేపలు కాల్చి రొట్టె మీద పెట్టి తినడం ఆచారం. కాల్చేవారు ఇంకెక్కడి నుండో వచ్చి, తినేవారు నాలాంటి వారైతే అది పండుగ కాదు, ప్రదర్శన. ఇంతకూ ఒక మాట ఒప్పుకోవాలి. 2023లో నేను దిగింది కూడా అల్ఫామాలో అలాంటి ఇంట్లోనే. చవకగా వచ్చిందని సంతోషించాను కూడా.

పక్కనే ఉన్న మౌరారియాలో మరొక కథ కనిపిస్తుంది. 1147లో క్రైస్తవ రాజు నగరాన్ని జయించాక ముస్లిములకు కోట వెలుపల ఇచ్చిన చోటు అది. ఇప్పుడు అక్కడ బంగ్లాదేశ్, నేపాల్, భారతదేశాల నుండి వచ్చినవారి కొట్లు, భోజనశాలలు ఉన్నాయి. కందిపప్పు, చేపల పులుసు దొరుకుతాయి. అది లిస్బన్ వంట కాదని పెదవి విరిచేవారితో నేను ఏకీభవించను. ఏ సాధారణ కాఫీ కొట్టులోనైనా అద్దాల పెట్టెలో ఉప్పుచేప వడల పక్కన "షముసా" ఉంటుంది. అది మన సమోసాయే. గోవా, మొజాంబిక్‌ల మీదుగా అక్కడికి చేరింది. మిరపకాయ ఇటు వచ్చినట్లే సమోసా అటు వెళ్ళింది.

మీకు అక్కడికి వెళ్ళే అవకాశం వస్తే హోటల్లో దిగండి, ఇంట్లో వద్దు. మధ్యాహ్నం కాగితం మీద రాసి అంటించిన వంటకమే అడగండి. 28వ నంబరు ట్రాము ఎక్కి చివరిదాకా, కాంపు ద ఓరీక్ పేటకు వెళ్ళండి. 2023లో నా చివరి ఉదయం అక్కడే గడిచింది. కూరగాయల సంచులతో వచ్చినవారు బల్ల దగ్గర నిలబడి, చిన్న కప్పులో చిక్కటి కాఫీ రెండు గుక్కల్లో తాగి వెళ్ళిపోతున్నారు. కొట్టువాడు ఒక్కొక్కరినీ పేరు పెట్టి పలకరిస్తున్నాడు. నేను ఒక షముసా తీసుకున్నాను. కారం కొంచెం తక్కువ.