వెనుక కూర్చున్నవారి తల మాటేమిటి?



ఆదివారం ఉదయం మన మందిరాల ముందు ఆగే మోటారు సైకిళ్లను గమనించండి. నడిపే ఆయన తలమీద హెల్మెట్ ఉంటుంది, లేకుంటే బండి అద్దానికి వేలాడుతుంటుంది. వెనుక కూర్చున్న తల్లికో భార్యకో మాత్రం చీర కొంగే దిక్కు! పోలీసువారు చూసేది ముందువారినే గదా అన్న ధీమా కాబోలు.

కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో మన దేశంలో హెల్మెట్ లేకుండా ప్రయాణిస్తూ చనిపోయినవారు 50,029 మంది. వారిలో 14,337 మంది వెనుక కూర్చున్నవారే. ఒక పక్కకు కాళ్లు వేసి కూర్చున్న స్త్రీకి అసలే పట్టు తక్కువ. ఒడిలో బిడ్డ, చేతిలో సంచి ఉంటే పట్టుకోవడానికి చెయ్యే ఖాళీ ఉండదు. గతుకులో బండి ఎగిరితే ముందు పడేది ఆమే.

“పక్క ఊరే గదా” అంటారు. అడ్డం వచ్చే గేదె, రోడ్డుమీద ఆరబోసిన ధాన్యం, వెనుక దీపం లేని ట్రాక్టరు, ఇవన్నీ ఉండేది ఆ పక్క ఊరి దారిలోనే.

హెల్మెట్‌లో పైచిప్ప ఒక్కటే కాదు, లోపలి థర్మోకోల్ వంటి పొర ముఖ్యం. అది తాను నలిగి దెబ్బను తీసుకుంటుంది. నలిగినది మళ్లీ పొంగదు గనుక, గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగున్నా మార్చవలసిందే. గడ్డం కింద పట్టీ బిగించకపోతే తల నేలకు తగిలేలోపే అది ఊడిపోవచ్చు. హెల్మెట్ ధరిస్తే మరణించే ప్రమాదం సుమారు 42 శాతం, తలగాయాల ప్రమాదం 69 శాతం తగ్గుతాయని పలు పరిశోధనలను కలిపి చూసినవారు తేల్చారు.

చట్టం కూడా ఇద్దరికీ హెల్మెట్ ఉండాలనే చెబుతోంది. 2019 సవరణ ప్రకారం నాలుగేళ్లు దాటిన పిల్లలకూ తప్పదు. బండికి అప్పు చేయడానికి వెనుకాడని మనకు రెండో హెల్మెట్ దగ్గర పొదుపు గుర్తుకొస్తుంది! కొనేటప్పుడు ఐ.ఎస్.ఐ. గుర్తు చూడండి. 2021 జూన్ 1 నుండి ఆ గుర్తు లేనివి అమ్మకూడదు. తల తిప్పితే హెల్మెట్ తలతోపాటే తిరగాలి, వదులుగా ఆడకూడదు.

సహోదరీలారా, కొప్పు అడ్డమైతే జడ వేసుకోండి, లేదా ముడిని మెడ దగ్గరికి దించుకోండి. కొంగు చక్రంలో పడకుండా నడుముకు దోపుకోండి. బండికి వచ్చిన చీర గార్డును అందం కోసం ఊడదీయించవద్దని ఇంట్లో చెప్పండి.