వాక్కుకు అందిన విశ్వాసం: విశాఖ తీరం చెప్పే పాఠం

విశాఖపట్నం నౌకాశ్రయ ప్రవేశమార్గం వద్ద మూడు చిన్న కొండలు పక్కపక్కనే నిలిచి ఉన్నవి. ఒకదానిపై శ్రీ వేంకటేశ్వరస్వామి ఆలయం, మరొకదానిపై దర్గా, ఇంకొకదానిపై మేరీమాత చర్చి. లోనికి వచ్చే ఓడకు మూడూ ఒకే చూపులో గోచరిస్తాయి. వాటిని చూపించి ‘అన్ని మతాలూ ఒక్కటే’ అని ముగించడం నగరవాసులకు అలవాటు. ఆ మాట శ్రవణమధురమే కాని విచారానికి నిలిచేది కాదు. కొండలు పొరుగున ఉన్నంత మాత్రాన శిఖరాలు ఏకం కావు. పరస్పర గౌరవానికి కావలసినది ఐక్యభ్రాంతి కాదు, అవగాహన. ఎవరి విశ్వాసాన్ని వారు స్పష్టమైన మాటలలో చెప్పగలగడమే ఆ అవగాహనకు తొలి సోపానం.

ఈ విషయంలో క్రైస్తవులు తెలుగునేలపై చేసిన ప్రయత్నం సాధకులకు పరిశీలనార్హమైనది. దానికి ఒక ప్రధాన కేంద్రం విశాఖపట్నమే. లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జ్ క్రాన్, అగస్టస్ డే గ్రాంజెస్ 1805లో ఈ పట్టణానికి వచ్చారు. భాష తెలియని వారికి తోడ్పడినవాడు ఆనందరాయరు అనే బ్రాహ్మణుడు, అప్పటికే క్రైస్తవం స్వీకరించినవాడు. క్రాన్ 1809లోనూ, డే గ్రాంజెస్ 1810లోనూ మరణించారు. వారి కృషిఫలమైన మూడు సువార్తలు 1812లో శ్రీరామపురంలో అచ్చయినవి. ఆ తరువాత ఇక్కడే పనిచేసిన ఎడ్వర్డ్ ప్రిచెట్ సిద్ధపరచిన కొత్త నిబంధన 1818లో మద్రాసులో ముద్రితమైనది.

వారి ఎదుట నిలిచిన సమస్య సామాన్యమైనది కాదు. విశ్వాసం ఒక దేశంలో పుట్టినది, పదాలు మరొక దేశంలో పండినవి. ఆ పదాలన్నీ అప్పటికే ఒక దర్శనానికి కట్టుబడి ఉన్నవి. ఆత్మ అన్నా, పాపం అన్నా, అవతారం అన్నా తెలుగువాని చెవిలో ముందుగా మ్రోగేది ఉపనిషత్తు, పురాణం, హరికథ. కొన్ని చోట్ల అనువాదకులు కొత్త సమాసాలు కట్టారు: సువార్త, మారుమనస్సు. కొన్ని చోట్ల మూలపదాన్నే తెచ్చి బాప్తిస్మము అన్నారు. అదే సంస్కారాన్ని కథోలికులు జ్ఞానస్నానమనీ, తమ ఆరాధనను దివ్యపూజాబలి అనీ, అక్కడ స్వీకరించేదాన్ని సత్ప్రసాదమనీ పిలిచారు. ఒకే మతంలోని రెండు శాఖలు ఒకే కర్మకు రెండు పేర్లు ఎన్నుకొన్నవంటే, పదం ఎన్నుకోవడం ఎంత గంభీరమైన పనియో ఊహించవచ్చును.

అనువాదం పండితుల పని, స్వానుభవాన్ని చెప్పడం భక్తుని పని. ఆ రెండవ పనికి ఉత్కళాంధ్ర సీమ ఇచ్చిన నిదర్శనం పురుషోత్తమ చౌదరి (1803–1890). పర్లాకిమిడి ప్రాంతపు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో బాప్తిస్మం పొంది, తన నూతన విశ్వాసాన్ని రాగతాళయుక్తమైన కీర్తనలుగా మలిచినవాడు. పల్లవి, చరణం, యతి, ప్రాస అన్నీ మన సంప్రదాయపు సొత్తే. ఆయన కీర్తనలు నేటికీ తెలుగు చర్చిలలో వినవస్తున్నవి. తరువాతి శతాబ్దంలో గుర్రం జాషువా క్రీస్తు జీవితాన్ని పద్యకావ్యంగా రచించగా, ఆ ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించినది.

ఇక్కడ చాలామంది ఆస్తికుల హృదయంలో ఒక ఆక్షేపం మెదలుతుంది. ‘మా పదాలు, మా రాగాలు, మా ప్రసాదం, మా పూజ తీసుకొని వేరొక మతాన్ని చెప్పడం న్యాయమా?’ అని. ఈ బాధను తేలికగా కొట్టివేయరాదు. వేదమన్న పేరును గాని, సన్న్యాసి వేషాన్ని గాని, ఎదుటివాడు భ్రమపడుటకై ధరించినచో అది వంచనయే. అయితే వంచన వేరు, భాష వాడుకోవడం వేరు. తెలుగు తల్లిభాషగా పుట్టినవాడు తన దేవునితో తెలుగులో గాక మరే భాషలో మాట్లాడగలడు? వాక్కు సరస్వతీస్వరూపమని నమ్మేవారు ఆమెను తాళం వేసిన పెట్టెలో దాచలేరు. పదం ఎవరి సొత్తూ కాదు, కాని పదానికి అర్థం చెప్పే బాధ్యత దానిని వాడిన ప్రతివానిదీ.

ఆ బాధ్యత నెరవేరినప్పుడు భేదం దానంతట అదే వెల్లడి అవుతుంది. అవతారమనే మాట చూడవచ్చును. ధర్మగ్లాని కలిగినప్పుడల్లా భగవానుడు దిగివస్తాడని గీతాశాస్త్ర బోధ. క్రైస్తవునికి ఆ దిగిరావడం చరిత్రలో ఒక్కసారే జరిగినది, మరల శరీరధారణ లేదు. ఆత్మ అద్వైతికి అజం, నిత్యం, పరమార్థంలో బ్రహ్మమే. క్రైస్తవునికి మానవుని ఆత్మ దేవుడు సృజించినది, స్రష్ట కానిది. పాపం మనకు కర్మఫలరూపంగా జన్మాంతరాలకు వెంటవచ్చేది. వారికి ఒకే జన్మలో దేవునితో సంబంధాన్ని తెంచేది. పునర్జన్మకూ పునరుత్థానానికీ మధ్య ఉన్నది అక్షరాల భేదం కాదు, సిద్ధాంత భేదం.

కృప విషయంలో మాత్రం రెండు తీరాలు కొంత దగ్గరవుతాయి. తల్లిపిల్లి తన పిల్లను నోట కరచి మోసినట్లు, జీవుని ప్రయత్నం లేకుండానే భగవంతుడు రక్షిస్తాడని శ్రీవైష్ణవంలో ఒక శాఖ మార్జాలకిశోర న్యాయం చెబుతుంది. సింహాద్రి అప్పన్న సన్నిధిలో ‘నీవే దిక్కు’ అని నిలిచిన వృద్ధురాలికీ, చర్చిలో మోకరిల్లిన మత్స్యకారునికీ ఆర్తిలో భేదం కనిపించదు. ఆర్తి సమానమని అంగీకరించవచ్చును. సిద్ధాంతం సమానమనడం మాత్రం ఇద్దరికీ అగౌరవమే.

అసలు చింతించవలసినది మరొకటి ఉన్నది. ఉక్కు కర్మాగారంలో ఒకే షిఫ్టులో పనిచేసే ఇద్దరు సహోద్యోగులను ఊహించుకోవచ్చును. ఒకరు క్రైస్తవుడు, ఒకరు హిందువు. విరామ సమయంలో ‘నీవు ఏమి నమ్ముతావు?’ అన్న ప్రశ్న వస్తుంది. మొదటివాడు నాలుగు వాక్యాలలో చెప్పగలడు. క్రీ.శ. 325లో నైసియా సభలో రూపొంది, 381లో కాన్‌స్టాంటినోపుల్ సభలో విస్తరించిన విశ్వాసప్రమాణాన్ని అతని పూర్వులు ఆరాధనలో పలుకుతూ వచ్చారు. తన జీవితంలో దేవుడు ఏమి చేశాడో పదిమందిలో నిలబడి సాక్ష్యం చెప్పడం అతనికి బాల్యం నుండి అభ్యాసం. రెండవవాడు కార్తికసోమవారం ఉపవాసం ఉంటాడు, చందనోత్సవానికి కొండ ఎక్కి వరుసలో నిలుస్తాడు, తద్దినం తప్పడు. కాని ‘ఎందుకు?’ అంటే ‘మా పెద్దలు చేశారు’ అంటాడు. అతని భక్తిలో లోపం లేదు, భక్తికి వాక్కు లేదు. ఆ మౌనాన్ని అతని పిల్లలు శూన్యమని పొరబడుతున్నారు. ఇంట ఉత్తరం దొరకని ప్రశ్న వీధిలో ఉత్తరం వెదుకుకొంటుంది. అప్పుడు పరమతాన్ని నిందించి ప్రయోజనమేమి?

‘సత్యం వాక్కుకు అతీతం కదా, చెప్పడమెందుకు?’ అని కొందరు సమాధానపడతారు. వాక్కు మనస్సుతో కూడి వెనుదిరిగేది బ్రహ్మం నుండి అని తైత్తిరీయం చెప్పిన మాట నిజమే. అయితే వెనుదిరగాలంటే ముందు అక్కడి దాకా వెళ్ళవలెను. ఉపనిషత్తు ఆ మాట చెప్పడానికి ముందు ఎంతో చెప్పినది. శంకర భగవత్పాదులు మౌనవ్యాఖ్యను స్తుతిస్తూనే ప్రస్థానత్రయానికి భాష్యం వ్రాశారు. జ్ఞానపరిపాకం తరువాతి మౌనం వేరు, అధ్యయనాలస్యం వలని మౌనం వేరు.

మన సంప్రదాయంలో ఉత్తమపురుషలో పలికే వాక్యం లేకపోలేదు. ప్రతి పూజకూ ఆరంభంలో సంకల్పం ఉన్నది. మేరువుకు దక్షిణాన, శ్రీశైలానికి ఈశాన్యాన, గంగాగోదావరుల మధ్య నిలిచినవాడను, ఫలానా గోత్రం, ఫలానా నామధేయం అని గృహస్థు చెప్పుకొంటాడు. క్రైస్తవుని ప్రమాణం ‘నేను దేనిని నమ్ముతున్నాను’ అని చెబితే, మన సంకల్పం ‘నేను ఎవడను, ఎక్కడ, ఎప్పుడు, దేనికై చేస్తున్నాను’ అని చెబుతుంది. అది మహత్తరమైన ఆత్మపరిచయం. కాని నేడు దానిని పురోహితుడు పలుకుతాడు, యజమాని ‘మమ’ అంటాడు, అర్థం ఇద్దరి మధ్య నేలపై పడిపోతుంది. దోషంలో అర్చక పురోహిత వర్గానికీ భాగం ఉన్నదని ఒప్పుకొనక తప్పదు. అర్థం అడిగిన యువకుని తొందరపెట్టి అక్షతలు వేయించిన సందర్భాలు తక్కువ కావు.

కనుక కర్తవ్యం స్పష్టమే. ప్రతి గృహస్థుడూ తన విశ్వాసాన్ని తన మాతృభాషలో, పదేళ్ళ పిల్లవానికి తెలిసే మాటలలో, ఐదు ప్రశ్నలకు ఉత్తరంగా చెప్పుకోవలెను: ఈశ్వరుడు ఎవరు? నేను ఎవడను? జగత్తు ఏమిటి? బంధం ఎందువలన? మోక్షం ఎట్లు? అద్వైతి ఒక విధంగా, విశిష్టాద్వైతి మరొక విధంగా చెప్పవచ్చును, కాని చెప్పవలెను. శ్లోకం అప్పగించడం ఉత్తరం కాదు. తెలియని చోట ‘ఇంకా తెలియదు, విచారిస్తున్నాను’ అనడం కూడా సత్యవాక్యమే. ఆలయాలలో వారానికి ఒక్క గడియ సంకల్పార్థం చెప్పినా ఈ అభ్యాసానికి బీజం పడుతుంది.

క్రైస్తవ మిత్రుడు తన విశ్వాసాన్ని చెప్పినప్పుడు శ్రద్ధగా వినవలెను, హేళన తగదు. వాదించే ముందు అతని పదానికి అతని అర్థం అడుగవలెను. అనంతరం మన పదానికి మన అర్థం చెప్పవలెను. ఆనాడు పురుషోత్తమ చౌదరి తాను నమ్మినదానిని తెలుగు రాగాలలో దాచకుండా చెప్పుకొన్నాడు. ఆయన చేరిన గమ్యాన్ని మనం అంగీకరించకపోవచ్చును, ఆ నిష్కపటాన్ని మాత్రం నేర్చుకోవచ్చును. తన మాట తనకు ఉన్నవాడు పరుని మాటకు భయపడడు, పరుని మాటను ద్వేషించడు.

స్వస్తి.