నేరం బ్యాటరీదేనా?

తెలుగు పాఠం చెప్పుకొనేవానికి డంపరు బ్యాటరీతో పనేమిటని విద్యార్థి మిత్రులు నవ్వుకోవచ్చు. కాని సింగరేణి బెల్లంపల్లి ఏరియా కార్యాలయమున్న ఈ గోలేటిలో నివసిస్తూ, యంత్రాల ఊసు లేకుండా ఒక్క రోజు గడపడం ఎవరి తరం? అంగడిలో, మసీదు మెట్లపై, బస్సు కోసం నిలుచున్న చోట వినిపించేది షిఫ్టుల మాట, డోజర్ల మాట, డంపర్ల మాట. అయినా ఈ వ్యాసానికి నన్ను పురికొల్పింది ఒక పదం. ఆ పదంతో ముడిపడిన ఒక అన్యాయం.

ఆ పదం ‘నిదానం’. సంస్కృత వైద్యశాస్త్రంలో నిదానమంటే మూలకారణం, రోగహేతువును వెదకి నిర్ణయించడం. మాధవకరుని వైద్యగ్రంథం ‘మాధవనిదానం’గా ప్రసిద్ధికెక్కింది అందుకే. అదే పదం తెలుగువాడి నోట తొందరపాటు లేకపోవడమనే అర్థాన్ని సంతరించుకున్నది. ‘నిదానమే ప్రధానం’ అన్నప్పుడు మన పెద్దలు ఏ అర్థాన్ని ఉద్దేశించారో గాని, నాకు మాత్రం రెండర్థాలూ ఒక్కటిగానే తోస్తాయి. తొందరపడేవానికి కారణం దొరకదు. ఉర్దూలో దీనిని ‘తష్ఖీస్’ అంటారు. దాని మూలంలో ఉన్నది ‘షఖ్స్’, అంటే వ్యక్తి. గుంపులో ఇతడే ఫలానా వ్యక్తి అని ఆనవాలు పట్టినట్లు, అనేక రోగాల మధ్య ఉన్న రోగాన్ని గుర్తించడమే తష్ఖీస్. మంచి హకీము నాడి చూడనిదే నుస్ఖా వ్రాయడు.

ఇక ఆ అన్యాయం సంగతి. మా దగ్గర చదువుకొన్న పిల్లవాడొకడు ఓపెన్‌కాస్టులో మట్టి తీసే ఒక కాంట్రాక్టరు వద్ద ఎలక్ట్రీషియనుకు సహాయకుడుగా కుదిరాడు. ఊరూ పేరూ చెప్పను. అక్కడి డంపరొకటి ఉదయం షిఫ్టులో సెల్ఫ్ కొడితే మూలిగి ఊరుకొనేది. బ్యాటరీలు పోయాయని కొత్తవి వేశారు. వారం తిరగకముందే మళ్ళీ అదే మూలుగు. మరొక జత వేశారు. అదీ అంతే! అప్పుడు చూపులన్నీ ఆ పిల్లవాని మీద పడ్డాయి. నీళ్ళు పోయలేదన్నారు మొదట. కొత్త బ్యాటరీలు అమ్ముకొని పాతవి పెట్టాడన్నారు తరువాత. కూలి కోసి ఇంటికి పంపించారు. ‘సార్, నేను తీయలేదు’ అన్న ఒక్క మాట తప్ప వాని దగ్గర మరొక సాక్ష్యం లేదు.

కొన్నాళ్ళకు పనిమీద వచ్చిన ఒక వృద్ధ ఉస్తాద్ ఆ యంత్రాన్ని చూశాడు. ఆయన సంచిలో ఉన్నవి ఒక మల్టీమీటరు, ఒక హైడ్రోమీటరు, ఒక పాత నోటు పుస్తకం. ఇంజను నడుస్తుండగా ఆల్టర్నేటరు వద్ద కొలిస్తే 28.2 వోల్టులు, బ్యాటరీల వద్ద కొలిస్తే 25.6. నడుమ 2.6 వోల్టులు ఎక్కడికి పోయినట్లు? ఎర్త్ వైపు దారిలో పోయింది 0.2 మాత్రమే. ఆల్టర్నేటరు నుండి బ్యాటరీకి పోయే పాజిటివ్ వైరులో 2.4 పోతున్నది. వైరు వెంట చేయి పోనిస్తే ఒకచోట కాలింది. పైతొడుగు విప్పితే లోపల లగ్గు పచ్చగా చిలుము పట్టి, సగం తీగలు తెగి ఉన్నాయి. సెల్ఫ్ మోటారుకు పోయే లావు తీగ వేరు కనుక కొత్త బ్యాటరీలు నాలుగు రోజులు పని చేసేవి. రాత్రి షిఫ్టులో దీపాలు వాటిని తాగేవి. ఛార్జింగు మాత్రం వాటి దాకా చేరేది కాదు. లగ్గు మార్చారు, డంపరు బాగుపడింది. కోసిన కూలి మాత్రం తిరిగి రాలేదు.

మిత్రులారా, ఇందులో గ్రహించవలసిన విషయమొకటున్నది. ఛార్జింగు అన్నది ఒక వస్తువు చేసే పని కాదు. అది ఒక వలయం. బెల్టు తిప్పితే ఆల్టర్నేటరు తిరగాలి, లోపలి డయోడ్లు ఏసీని డీసీగా మార్చాలి, రెగ్యులేటరు వోల్టేజీని హద్దులో నిలపాలి, వైర్లు మోసుకుపోవాలి, బ్యాటరీ అందుకొని దాచుకోవాలి, ఎర్త్ మార్గాన అది తిరిగి రావాలి. ఎక్కడ తెగినా పైకి కనిపించే లక్షణం ఒక్కటే: బ్యాటరీ దిగిపోవడం. కాబట్టి నేరం దానిపై పడుతుంది. వలయం చివర నిలిచినవానిపై నింద వేయడం లోకరీతి కదా!

విచారణకు ఒక వరుస ఉన్నది. పెద్ద యంత్రాలలో సాధారణంగా 12 వోల్టుల బ్యాటరీలు రెండు వరుసగా కలిపి 24 వోల్టులు చేస్తారు. నిండుగా ఛార్జయి, కాసేపు విశ్రమించిన జత 25.2 వోల్టులకు పైగా చూపాలి. ఇంజను నడుస్తున్నప్పుడు బ్యాటరీల వద్దనే ఇంచుమించు 27.5 నుండి 28.5 దాకా ఉండాలి. ఆల్టర్నేటరు వద్ద ఉండి బ్యాటరీ వద్ద లేకపోతే దోషం తీగలలో. ఆల్టర్నేటరు వద్దనే లేకపోతే బెల్టు, రెగ్యులేటరు, డయోడ్లు చూడాలి. రెండుచోట్లా ఉండి కూడా తెల్లవారేసరికి దిగిపోతే, యంత్రం ఆపిన తరువాత ఏదో ఒకటి కరెంటు తాగుతున్నదన్న మాట. బ్యాటరీ తలపై బొగ్గు ధూళి, తేమ కలిసి పేరుకొన్నా రెండు టెర్మినళ్ళ నడుమ దొంగదారి ఏర్పడుతుంది. ఇవన్నీ సరిగా ఉన్నాయని తేలిన తరువాతనే బ్యాటరీని బోనెక్కించాలి. అప్పుడైనా మూతలున్న బ్యాటరీలో ఆరు గదులనూ విడివిడిగా హైడ్రోమీటరుతో చూడాలి. నిండు గదిలో ఆమ్లసాంద్రత 1.27 ప్రాంతాన ఉంటుంది. ఒక్క గది మిగిలినవాటికంటే 0.05 తక్కువ చూపితే రోగం ఆ గదిలో ఉన్నదని అనుమానించవచ్చు. జతలో ఒక్కటే మార్చితే పాతది కొత్తదానిని కూడా ఈడ్చుకుపోతుంది.

‘యంత్రం నిలిస్తే గంటకింత నష్టం, నిదానానికి తీరికెక్కడిది? ముందు బ్యాటరీ మార్చి నడిపిద్దాం’ అని కొందరంటారు. ఆ తొందర వెనుక బాధ్యత లేదని నేననను. ఉత్పత్తి లెక్క పైవారికి చెప్పవలసినవారి బాధ వారిది. కాని పైన చెప్పిన మొదటి కొలతలకు పట్టేది పావుగంట. ఆ పావుగంట మిగుల్చుకోబోయి ఆ డంపరు మీద రెండు జతల బ్యాటరీలు, ఒక కుర్రవాని పేరు పోగొట్టారు. కొత్త యంత్రాలలో తెరమీద దోషసంకేతం దానంతటదే వస్తుందని మరికొందరంటారు. నిజమే, వోల్టేజీ తక్కువైనదని తెర చెబుతుంది. ఎందుకు తక్కువైనదో వెదకవలసినవాడు మనిషే.

వెదకేవాడు జాగ్రత్త కూడా నేర్వాలి. ఛార్జవుతున్న బ్యాటరీ నుండి హైడ్రోజను వెలువడుతుంది. గాలిలో అది నూటికి నాలుగు పాళ్ళు చేరితే చాలు, చిన్న నిప్పురవ్వకు అంటుకొంటుంది. బీడీ దూరంగా ఉండాలి, కంటికి అద్దాలుండాలి, విప్పేటప్పుడు నెగటివ్ తీగ ముందు, బిగించేటప్పుడు చివర. నడుస్తున్న ఇంజనుపై బ్యాటరీ తీగ విప్పి పరీక్షించే పాత అలవాటు ఆల్టర్నేటరు డయోడ్లకు ప్రాణాంతకం.

బ్యాటరీ మనకు కొత్త చుట్టం కాదు. సీసపు పలకలను ఆమ్లంలో ముంచి, మళ్ళీ మళ్ళీ ఛార్జి చేయదగిన బ్యాటరీని ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే నిర్మించింది 1859లో. యెల్లందు ప్రాంతంలో విలియం కింగ్ బొగ్గును గుర్తించింది 1871లో. అంటే సింగరేణి బొగ్గు చరిత్రకంటే బ్యాటరీ వయస్సు పెద్దది. భూగర్భ గనుల్లో దిగిన మన తండ్రులు, తాతలు నడుముకు బ్యాటరీ కట్టుకొని, టోపీ దీపం వెలుగులో బొగ్గు కొట్టారు. షిఫ్టు దిగగానే ల్యాంప్ రూములో దానిని ఛార్జింగుకు పెట్టి ఇంటికి వచ్చారు. బ్యాటరీని నమ్ముకొని బ్రతికిన ఇళ్ళ పిల్లలకు దాని నాడి చూడడం రాకపోవడం సిగ్గుచేటు.

ఇందులో పిల్లల తప్పెంత, మన తప్పెంత? ఆ ఉస్తాద్ ఎరిగిన విద్య ఆయన నోటు పుస్తకంలోనే ఉన్నది. కంపెనీ పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్నాయి. నడుమ నిలిచిన మన విద్యార్థికి ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. శాస్త్రం మన భాషలకు లొంగదని ఎవరైనా అంటే చరిత్ర ఒప్పుకోదు. 1917లో హైదరాబాదులో అనువాద సంస్థ ‘దారుల్ తర్జుమా’ను నెలకొల్పి, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని ప్రారంభించి, ఉర్దూ మాధ్యమంలో ఆధునిక శాస్త్రాలు బోధించారు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ కళాశాల శాస్త్రపాఠాలను తెలుగులోకి తెచ్చింది. ఆ పరంపర మన వర్క్‌షాపు గడప దాకా రాలేదు, అంతే.

కళాశాల కమిటీ పెద్దలకు నా విన్నపం చిన్నది. ఒక బల్ల, రెండు పాత బ్యాటరీలు, ఒక పాత ఆల్టర్నేటరు, మల్టీమీటరు, హైడ్రోమీటరు, కంటి అద్దాలు. వారానికొక సాయంత్రం పదవీ విరమణ చేసిన ఎలక్ట్రీషియనులలో ఒకరిని పిలిచి, గౌరవంగా కుర్చీ వేసి, వారి నోటి పాఠాన్ని మన పిల్లలచేత తెలుగులోను ఉర్దూలోను వ్రాయించాలి. వార్షికోత్సవ వేదిక అలంకరణ ఒక్క ఏడు తగ్గించుకొన్నా ఈ బల్ల సమకూరుతుందని నా నమ్మకం.

విద్యార్థులకు చెప్పదలచింది మరొకటి. ఏ యంత్రం ముందు నిలిచినా తేదీ, సమయం, కొలత వ్రాసుకొని, పక్కవానిచేత సంతకం చేయించండి. ఆ కుర్రవాని వద్ద ‘ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వద్ద 25.6’ అన్న ఒక్క పంక్తి ఉన్నట్లయితే, దొంగ అన్న మాట వానికి అంత తేలికగా అంటేది కాదు. ధనవంతునికి వకీలు ఉంటాడు. పేదవానికి తాను కొలిచి వ్రాసుకొన్న అంకెయే వకీలు.

ఆ పిల్లవాడు ఇప్పుడు వేరొక చోట పని చేస్తున్నాడు. మొన్న ఈద్ నాడు కలిసినప్పుడు జేబులోంచి ఒక చిన్న పుస్తకం తీసి చూపించాడు. పేజీ పేజీకీ అంకెలు, వాటి పక్కన సంతకాలు. మన కళాశాల నేర్పవలసిన పాఠాన్ని వాడు కూలి పోగొట్టుకొని నేర్చుకొన్నాడు. రాబోయే వారికైనా అంత ఖరీదు లేకుండా నేర్పుదాం.