పలుకు పెద్దదైతే పని చెడుతుంది

పొద్దున్నే గుమ్మంలో పడే పాలప్యాకెట్ కవరు పాలిథీన్‌ది. దానికి మూలం ఇథిలీన్ వాయువు. కాయల్ని పండుగా మార్చేదీ అదే! నాఫ్తాను బాగా వేడిచేసి విడగొడితే ఇథిలీన్ వస్తుంది. చిక్కేమిటంటే, దాని వెంటే నూటికి ఒక పాలు అటూఇటూగా ఎసిటిలీన్ కూడా వస్తుంది. వెల్డింగ్ షాపుల్లో మండేది, కార్బైడ్‌కు తడి తగిలితే పుట్టేది ఈ వాయువే. ఆ కాస్తా మిగిలినా పాలిథీన్ తయారీకి వాడే ఉత్ప్రేరకం చచ్చుబడిపోతుంది. అందుకే దాన్ని పది లక్షల పాళ్లలో కొద్ది పాళ్లకు దించాల్సిందే.

దారి ఉంది. కాస్త హైడ్రోజన్ కలిపి పల్లేడియం లోహం మీదుగా పంపితే, ఎసిటిలీన్ అణువు రెండు హైడ్రోజన్ పరమాణువుల్ని కలుపుకుని తానూ ఇథిలీన్ అయిపోతుంది. (నూనె వనస్పతిగా గడ్డకట్టేదీ ఇలాగే. అక్కడ లోహం నికెల్.) అక్కడితో ఆగితే లాభమే. ఆగకుండా మరో రెండింటిని కలుపుకుంటే ఈథేన్ అవుతుంది. అది కవర్లకు పనికిరాదు. చుట్టూ ఉన్న మంచి ఇథిలీన్ కూడా అదే బాట పట్టిందా, ఫ్యాక్టరీ కొంప మునిగినట్టే!

మరి ఎక్కడ ఆగాలో ఎవరు చెబుతారు? చాలావరకు లోహపు పలుకు పరిమాణమే. పల్లేడియం తన ఘనపరిమాణానికి సుమారు 900 రెట్లు హైడ్రోజన్‌ని పీల్చుకోగలదు. ఈ గుణాన్ని థామస్ గ్రాహం 1866లోనే గుర్తించాడు. పలుకు పెద్దదైతే లోపల గోడౌన్‌లో సరుకులా హైడ్రోజన్ పేరుకుపోతుంది. పైన వాలిన అణువుకి అడక్కుండానే అందించి ఈథేన్ చేసేస్తుంది. రెండు మూడు నానోమీటర్ల పలుకులో దాచుకునే చోటు తక్కువ. వెంట్రుక మందమే సుమారు 80 వేల నానోమీటర్లు! ఇంకా విడగొట్టి ఒక్కొక్క పరమాణువుని దూరదూరంగా ఉంచితే మరీ మంచిది. పక్క పరమాణువుల తోడు లేదు కాబట్టి ఇథిలీన్‌ని గట్టిగా పట్టుకోలేదు, వదిలేస్తుంది.

అయితే పలుకు బుల్లిదయ్యేకొద్దీ పని నెమ్మదిస్తుంది. పైగా వేడికి పలుకులు ఒకదాన్నొకటి అంటుకుని మళ్లీ పెద్దవవుతాయి. అప్పుడు కథ మొదటికే. ఒంటరి పరమాణువుల మీద ప్రయోగశాలల్లో పరిశోధనలు జోరుగా సాగుతున్నా, ఫ్యాక్టరీల్లో ఎక్కువగా కనిపించేది పాత ఉపాయమే. పల్లేడియంలో వెండి కలుపుతారు. వెండి పరమాణువులు మధ్యలో దూరి పల్లేడియం పరమాణువుల్ని విడివిడిగా కూర్చోబెడతాయి.