గైడుగారి సంతకం, బిడ్డ చేతిపని



ఎం.సి.ఏ. చివరి సెమిస్టరు చదివే బిడ్డ ఇంటికి వచ్చి, "ప్రాజెక్టుకు డబ్బు కావాలి" అని అడుగుతాడు. చదువు కోసం అప్పటికే పొలం మీద అప్పు తెచ్చిన తండ్రి, ఇదీ ఒక ఫీజే అనుకొని మరికొంత తెచ్చి ఇస్తాడు. ఆ డబ్బు దేనికో ముందుగా అడిగి తెలుసుకోండి. ఎందుకంటే హైదరాబాదులోని అమీర్‌పేట వంటి చోట్ల తయారుచేసి పెట్టిన ప్రాజెక్టులు అమ్మేవారున్నారు. ప్రోగ్రాము, రిపోర్టు రెండూ చేతికిస్తారు. అట్టమీద పేరు మాత్రమే మారుతుంది.

బి.టెక్.లో సాధారణంగా కొందరు కలిసి ఒక ప్రాజెక్టు చేస్తారు. ఎం.సి.ఏ.లో చాలాచోట్ల ఎవరిది వారే చేయాలి. పర్యవేక్షణకు కాలేజీవారు ఒక గైడును ఇస్తారు. రిపోర్టు మొదటి పేజీలలో "ఇది నా సొంత పని" అని విద్యార్థి, "నా పర్యవేక్షణలో చేసిన పని" అని గైడుగారు సంతకం చేస్తారు. కొని తెచ్చిన ప్రాజెక్టు మీద ఆ సంతకం అబద్ధసాక్ష్యమే కదా!

మరి సొంతంగా చేయడం అంత కష్టమా? విషయం చిన్నదైతే కాదు. మన ఊరి పాలకేంద్రాన్ని తీసుకోండి. రెండు పూటలా ఎవరు ఎన్ని లీటర్లు పోశారు, వెన్న శాతం ఎంత, పదిహేను రోజులకు ఎంత డబ్బు రావాలి? ఈ లెక్క చూసే ప్రోగ్రాము చాలు. పాలు పోసే ఇంటి బిడ్డకు ఈ లెక్క ఏ పుస్తకమూ చెప్పనంత బాగా తెలుసు. 6.5 శాతానికి బదులు పొరపాటున 65 అని కొడితే ప్రోగ్రాము ఆపుతుందా, లేక బిల్లు పదింతలు చేస్తుందా? వైవాకు వచ్చే పరీక్షకులు ఇటువంటివే అడుగుతారు. చేసినవాడు జవాబు చెబుతాడు, కొన్నవాడు నేలచూపులు చూస్తాడు.

గైడుగారి దగ్గరకు అంతా పూర్తయ్యాక వెళ్లాలనుకోవడం చాలామంది పిల్లల పొరపాటు. ఆగిపోయినప్పుడే వెళ్లాలి. ఒక నోటుపుస్తకం పెట్టుకొని, ఈ వారం ఏమి చేశాను, ఎక్కడ ఆగాను, గైడుగారు ఏమి చెప్పారు అని తేదీ వేసి రాసుకోవాలి. చివరికి రిపోర్టు రాసేటప్పుడు సగం పని అందులోనే దొరుకుతుంది. ప్రోగ్రాము కాపీ ఒకటి వారం వారం వేరేచోట దాచుకోవాలి.

గురువు పర్యవేక్షణలో పనిచేయడం చిన్నతనం కాదు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డిగారు, మనిషి మాటను కంప్యూటరు గుర్తించడం గురించి స్టాన్‌ఫర్డ్‌లో జాన్ మెక్‌కార్తీ పర్యవేక్షణలోనే పరిశోధన చేసి 1966లో డాక్టరేటు పొందారు. 1994లో కంప్యూటరు రంగపు అత్యున్నత బహుమానమైన ట్యూరింగ్ అవార్డు ఆయనకు లభించింది.

ఇప్పుడు కృత్రిమమేధ అడిగిన వెంటనే ప్రోగ్రాము రాసి ఇస్తోంది. దాని సహాయం కాలేజీ నియమం ఒప్పుకుంటేనే, గైడుగారికి చెప్పి తీసుకోవాలి. తీసుకున్నా, ప్రతి వరుస ఎందుకుందో బిడ్డ తానే చెప్పగలగాలి. రేపు ఉద్యోగంలో ప్రోగ్రాము చెడిపోతే సరిచేయవలసింది ఆ బిడ్డే.

"నాకు కంప్యూటరు రాదు, నేనేం చేయగలను?" అనకండి అమ్మా. ఆదివారం ఫోను చేసినప్పుడు ఒక్క మాట అడగండి: "ఈ వారం గైడుగారికి ఏం చూపించావు నాన్నా?" జవాబు తడబడితే కోపపడవద్దు. "రేపే వెళ్లి ఎక్కడ ఆగిందో చెప్పు" అనండి. ఆ మాట చెప్పడానికి మీకు కంప్యూటరు రానక్కరలేదు.